చమురు అమ్ముతూ నీతి మాట్లాడే దేశం: నార్వే మీద తరచుగా అడిగే ప్రశ్నలు

సివిల్స్, గ్రూప్-1కి చదివే పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెప్పేటప్పుడు ఒక వాదన ప్రతి బ్యాచ్‌లోనూ లేస్తుంది: దేశాలు విలువలు చూస్తాయా, డబ్బు చూస్తాయా? గాల్లో మాట్లాడితే ఇది తేలదు. అందుకే నేను నార్వేని పట్టుకుంటాను. అక్కడ ఈ పంచాయితీ అంతా కాగితాల మీద, లెక్కలతో సహా, అందరికీ కనపడేలా జరుగుతుంది. ఏటా అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదట్లోనే వచ్చే సందేహాలు

అంత చిన్న దేశం గురించి మనకెందుకు సార్?

నార్వే జనాభా 56 లక్షలు. హైదరాబాద్ మహానగరంలోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. కానీ ప్రపంచ షేర్ మార్కెట్లలో నమోదైన కంపెనీలన్నిటి విలువ కలిపితే, అందులో సగటున ఒకటిన్నర శాతం నార్వే ప్రభుత్వ నిధిదే. మన పెద్ద ప్రైవేటు బ్యాంకుల్లో, ఐటీ కంపెనీల్లో కూడా దానికి వాటాలున్నాయి. డబ్బు ఇన్నిచోట్ల ఉన్న దేశం "ఫలానా పని చేసే కంపెనీలో మేం ఉండం" అంటే ఆ మాట సూటిగా లాభనష్టాలకు తగులుతుంది. సభల్లో విలువల గురించి ఉపన్యాసాలు ఏ దేశమైనా ఇస్తుంది. నార్వే దగ్గర చూడాల్సింది ఆ మాటకు ఎంత ఖర్చు పెట్టింది, ఎక్కడ వెనక్కి తగ్గింది అన్నది.

చమురు నిధి అంటే ఏంటి? మన బడ్జెట్‌లో డబ్బు లాంటిదేనా?

కాదు. ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ దగ్గర 1969లో భారీగా చమురు పడింది. వచ్చిన డబ్బంతా ఒకేసారి దేశంలోకి దించితే ధరలు, జీతాలు పెరిగి మిగతా పరిశ్రమలు మూతపడతాయన్న భయంతో 1990లో చట్టం చేసి ఒక నిధి పెట్టారు. అందులో మొదటి జమ పడింది 1996లో. చమురు కంపెనీల లాభాల మీద అన్నీ కలిపి 78 శాతం దాకా పన్ను ఉంటుంది. ఆ పన్ను, ప్రభుత్వ సొంత వాటాల ఆదాయం నిధిలోకి పోతాయి.

నిధి డబ్బు నార్వేలో పెట్టుబడి పెట్టకూడదు. అంతా బయటి దేశాల షేర్లు, బాండ్లు, ఆస్తుల్లోనే. నిధి విలువలో సుమారు 3 శాతం మించి బడ్జెట్‌కి వాడుకోకూడదన్నది పద్ధతి. 2001లో ఈ నియమం పెట్టినప్పుడు 4 శాతం ఉండేది, 2017లో తగ్గించారు. 2024 చివరికి నిధి విలువ 19.7 లక్షల కోట్ల క్రోనర్లు. అప్పట్లో క్రోనర్ ఎనిమిది రూపాయలకు అటూ ఇటూగా ఉండేది కాబట్టి మన దేశ ఏడాది జీడీపీలో సుమారు సగం.

వాళ్లేమో ఎలక్ట్రిక్ కార్లలో తిరుగుతారు, మనకేమో పెట్రోల్ అమ్ముతారు. ఇది కపటం కాదా?

ఈ ప్రశ్న అడగని బ్యాచ్ లేదు. విషయం నిజమే. 2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి తొమ్మిది దాదాపుగా బ్యాటరీవే. కరెంటు దాదాపు అంతా జలవిద్యుత్తే. కానీ వాళ్లు ఎగుమతి చేసిన చమురు, గ్యాస్ వేరే దేశంలో కాలితే ఆ పొగ వాళ్ల ఖాతాలో పడదు, ఎందుకంటే అంతర్జాతీయ లెక్కలు ఎక్కడ కాలితే అక్కడే రాస్తాయి. ఆర్కిటిక్‌లో కొత్త చమురు లైసెన్సులు ఆపాలని పర్యావరణ సంఘాలు వేసిన కేసును నార్వే సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో కొట్టేసింది.

నా అభిప్రాయం అడిగితే, కపటం అని కొట్టిపారేస్తే అసలు విషయం చేజారుతుంది. ఏ వ్యాపారం మీద దేశం బతుకుతోందో దాన్ని విలువల తక్కెడలో పెట్టనే లేదు. మిగతావన్నీ పెట్టారు. ఆ గీత ఎక్కడ గీశారో చూడటమే మన పని.

## నిధి ఎవరిని వద్దంటుంది, ఎలా

ఫలానా కంపెనీ చెడ్డదని తేల్చేది ఎవరు? మంత్రులా?

ఇప్పుడు మంత్రులు కాదు. 2004లో పార్లమెంటు ఆమోదంతో నైతిక మార్గదర్శకాలు వచ్చాయి. వాటి కింద ఐదుగురు సభ్యుల ఎథిక్స్ కౌన్సిల్ ఉంటుంది. కౌన్సిల్ కంపెనీ మీద విచారణ చేస్తుంది, కంపెనీకి ప్రశ్నలు పంపుతుంది, జవాబులు తీసుకుంటుంది, ఆ తర్వాత సిఫార్సు రాస్తుంది. మొదట్లో తుది నిర్ణయం ఆర్థిక శాఖది. 2015 నుంచి దాన్ని కేంద్ర బ్యాంకు బోర్డుకు అప్పగించారు. రాజకీయ నాయకుల చేతిలో ఉంటే ప్రతి నిర్ణయమూ ఇంకో దేశంతో గొడవగా మారుతుందన్నది ఒక కారణం.

చిన్న వివరం ఒకటుంది, నాకు చాలా నచ్చింది. ముందు షేర్లన్నీ చప్పుడు చేయకుండా అమ్మేస్తారు, ఆ తర్వాతే పేరు ప్రకటిస్తారు. ముందే చెబితే షేరు ధర పడి నిధికే నష్టం. నీతి చెప్పేటప్పుడు కూడా రేటు చూసుకుంటారన్నమాట.

ఏ తప్పు చేస్తే తీసేస్తారు?

రెండు రకాలు. ఒకటి, తయారుచేసే సరుకే తప్పు: అణ్వాయుధాలు, క్లస్టర్ బాంబులు, పొగాకు, ఒక పరిమితి దాటిన బొగ్గు. రెండోది, ప్రవర్తన తప్పు: మానవ హక్కుల ఉల్లంఘన, తీవ్ర పర్యావరణ నష్టం, భారీ అవినీతి, యుద్ధ ప్రాంతాల్లో హక్కుల ఉల్లంఘనలో భాగం కావడం.

మార్గదర్శకాలు రాకముందే 2002లో సింగపూర్ టెక్నాలజీస్ ఇంజనీరింగ్‌ను మందుపాతరల కారణంగా తీసేశారు. మందుపాతరల నిషేధ ఒప్పందం మీద 1997లో చర్చలు జరిగింది నార్వే రాజధాని ఓస్లోలోనే. ఒకపక్క ఆ ఒప్పందం మీద సంతకం పెట్టి, ఇంకోపక్క మందుపాతరల కంపెనీలో వాటాదారుగా ఉండటం కుదరదు కదా. 2006లో వాల్‌మార్ట్‌ను కార్మిక హక్కుల విషయంలో తీసేస్తే అమెరికా రాయబారి బహిరంగంగానే మండిపడ్డాడు. 2008లో ఇండోనేషియా గని వల్ల రియో టింటో వంతు వచ్చింది. ఈ రెండింటినీ 2019లో తిరిగి చేర్చుకున్నారు. పొగాకు 2010లో, బొగ్గు 2016లో జాబితాకెక్కాయి.

అలా తీసేస్తూ పోతే నిధికి నష్టం రాదా?

సరుకును బట్టి తీసేసిన కంపెనీల వల్ల, ముఖ్యంగా పొగాకు, ఆయుధాల వల్ల, నిధి కొంత లాభం కోల్పోయిందని వాళ్ల సొంత లెక్కలే చెబుతున్నాయి. ప్రవర్తన బాగోలేదని తీసేసినవాటి విషయంలో మాత్రం కాస్త కలిసొచ్చింది. అడవులు నరికి, కార్మికులను పీడించే కంపెనీ తర్వాత కోర్టుల్లోనో, జనం ఆగ్రహంలోనో చిక్కుకోవడం మామూలే.

ఇంకో చిత్రం ఉంది. 2019లో చమురు తవ్వకం ఒక్కటే చేసే కంపెనీల్లోంచి తప్పుకోవాలని నిర్ణయించారు. దానికి చెప్పిన కారణం వాతావరణం కాదు, రిస్క్. దేశ ఆదాయం ఎలాగూ చమురు మీదే ఉంది, పొదుపు కూడా అక్కడే పెడితే ధర పడినప్పుడు రెండూ మునుగుతాయని. షెల్, బీపీ లాంటి పెద్ద కంపెనీల్లో మాత్రం ఉండిపోయారు.

వేదాంత విషయంలో ఏం జరిగింది? అది మన పక్కనే కదా?

విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ పోయే రైలు మార్గంలో వెళితే నియమగిరి కొండల ప్రాంతం వస్తుంది. ఆ కొండల కింద, ఒడిశాలోని లాంజిగఢ్‌లో వేదాంత అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉంది. కొండ మీద వేదాంత తవ్వాలనుకున్న బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) ఉంది, అదే కొండను దేవుడిగా కొలిచే డోంగ్రియా కోందులు ఉన్నారు. 2007లో నార్వే ఎథిక్స్ కౌన్సిల్ సిఫార్సు మీద వేదాంత రిసోర్సెస్‌ను, దాని అనుబంధ కంపెనీలను నిధి నుంచి తీసేశారు. కారణాలు పర్యావరణ నష్టం, గిరిజనుల హక్కుల ఉల్లంఘన.

దానివల్లే తవ్వకం ఆగిందని రాయకండి. ఆపింది ఇక్కడి పోరాటం, ఇక్కడి చట్టం. గ్రామసభలను అడగమని 2013లో మన సుప్రీంకోర్టు చెప్పింది, పన్నెండుకు పన్నెండు పల్లెలూ వద్దన్నాయి. నార్వే చేసింది ఆరేళ్ల ముందే తన పేరు అందులో లేకుండా చూసుకోవడం. అయితే ఇంగ్లీషులో, కారణాలతో సహా వెలువడ్డ ఆ సిఫార్సు పోరాడేవాళ్లకు చేతిలో ఒక కాగితంగా ఉపయోగపడింది.

అదానీ పోర్ట్స్‌ను తీసేశారని విన్నాం. కృష్ణపట్నం, గంగవరం పోర్టులకు ఏమైనా అవుతుందా?

ఏమీ కాదు. ఆ రెండు పోర్టులూ ఆ కంపెనీవే, కానీ గొడవ వాటి గురించి కాదు. మయన్మార్‌లోని యాంగోన్‌లో కంపెనీ ఒక టెర్మినల్ మొదలుపెట్టింది. ఆ స్థలం సైన్యానికి చెందిన సంస్థ నుంచి లీజుకు తీసుకున్నది. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత ఆ లీజు డబ్బు ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్న వచ్చింది. 2022 మార్చి నుంచి నిధి ఆ కంపెనీని పరిశీలనలో పెట్టింది. 2023 మేలో కంపెనీ టెర్మినల్‌ను అమ్మేసింది. అయినా 2024 మేలో నిధి దాన్ని మినహాయించింది.

అమ్మేశాక కూడా ఎందుకు? కొన్న సంస్థ ఎవరిది అని కౌన్సిల్ అడిగితే, గోప్యత కారణంగా చెప్పలేమని జవాబొచ్చింది. కొన్నవాళ్లెవరో తెలియనప్పుడు సంబంధం పూర్తిగా తెగిందని నమ్మలేమంది కౌన్సిల్. మన వ్యాపార వార్తల్లో ఈ ముక్క పెద్దగా రాలేదు. షేరు ధరకు ఏమవుతుందన్న టెన్షనే ఎక్కువ కనిపించింది.

## దెబ్బ తమకే తగిలినప్పుడు

నోబెల్ బహుమతి ఇచ్చినందుకు చైనా నిజంగానే చేపలు కొనడం ఆపేసిందా?

పూర్తిగా ఆపలేదు, గట్టిగా బిగించింది. 2010లో జైల్లో ఉన్న చైనా రచయిత లియు షియావోబోకు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. ఓస్లో వేదిక మీద ఖాళీ కుర్చీ పెట్టారు. నోబెల్ కమిటీ ప్రభుత్వం మాట వినాల్సిన పని లేదు, కానీ దాని సభ్యులను నియమించేది నార్వే పార్లమెంటు. చైనాకు ఆ తేడా అక్కర్లేకపోయింది. మంత్రుల స్థాయి రాకపోకలు ఆగాయి, స్వేచ్ఛా వాణిజ్య చర్చలు నిలిచాయి, నార్వే సాల్మన్ చేపలకు తనిఖీల పేరుతో అడ్డంకులు పెట్టారు. చైనా మార్కెట్‌లో నార్వే సాల్మన్ వాటా దారుణంగా పడిపోయింది. అదే సమయంలో వియత్నాంకు నార్వే సాల్మన్ ఎగుమతులు ఉన్నట్టుండి పెరిగాయి. చేప ఎటు తిరిగి ఎటు పోయిందో ఊహించుకోవచ్చు.

ఆరేళ్ల తర్వాత, 2016 డిసెంబర్‌లో రాజీ కుదిరింది. చైనా కీలక ప్రయోజనాలను దెబ్బతీసే పనులకు మద్దతివ్వబోమని నార్వే ఉమ్మడి ప్రకటనలో రాసిచ్చింది. దానికి ముందే, 2014లో దలైలామా ఓస్లో వస్తే ప్రధాని ఎర్నా సోల్‌బర్గ్ కలవలేదు. 1989లో ఆయనకు నోబెల్ ఇచ్చిన ఊరది. 2017లో లియు కస్టడీలోనే చనిపోయినప్పుడు నార్వే ప్రభుత్వం చాలా ఆచితూచి మాట్లాడింది. నార్వే కథ మొత్తంలో నాకు అన్నిటికంటే మింగుడుపడని భాగం ఇదే. కంపెనీని వద్దనుకోవడానికి ఒక పద్ధతి, ఒక కౌన్సిల్ ఉన్నాయి. పెద్ద దేశం కళ్లెర్రజేస్తే ఏం చేయాలో చెప్పే కౌన్సిల్ లేదు.

ఉక్రెయిన్ యుద్ధంతో నార్వే లాభపడిందంటారు, నిజమేనా?

డబ్బు పరంగా నిజం. రష్యా గ్యాస్ తగ్గడంతో 2022లో యూరప్‌లో ధరలు మండిపోయాయి, నార్వే యూరప్‌కి అతిపెద్ద గ్యాస్ సరఫరాదారు అయింది. ఆ ఏడాది చమురు, గ్యాస్ మీద ప్రభుత్వానికి వచ్చిన నికర రాబడి అంతకు ముందు ఏడాదితో పోలిస్తే నాలుగు రెట్లు దాటింది. పోలండ్ ప్రధాని మొరావియెట్స్కీ అయితే ఈ అదనపు లాభం ఉక్రెయిన్‌కి పంచాలని బహిరంగంగా అడిగాడు.

నార్వే గ్యాస్ ధర తగ్గించలేదు. 2023లో నాన్సెన్ కార్యక్రమం పేరుతో ఐదేళ్లకు 7,500 కోట్ల క్రోనర్లు ప్రకటించింది. అది చాలదని ఇంటా బయటా విమర్శలొచ్చాక, 2025లో ఆ ఒక్క ఏడాదికే 8,500 కోట్లకు పెంచింది. రష్యాలో నిధికి ఉన్న షేర్లను వదిలించుకోవాలని యుద్ధం మొదలైన మూడు రోజులకే నిర్ణయించారు, కానీ మార్కెట్ మూతపడి, ఆంక్షలు వచ్చి అవి అమ్ముడుపోలేదు. యుద్ధంలో ఉన్న దేశానికి ఆయుధాలు అమ్మకూడదన్న 1959 నాటి విధానాన్ని కూడా ఉక్రెయిన్ కోసం పక్కనబెట్టారు.

మయన్మార్ నుంచి టెలినార్ బయటికి రావడం మంచి పనే కదా? మరి తిట్లెందుకు?

టెలినార్ పేరు కొందరికి గుర్తుండే ఉంటుంది. యూనినార్ సిమ్ అమ్మింది వాళ్లే. ఆంధ్ర, తెలంగాణ సర్కిల్‌లో కూడా ఉండేది, 2018లో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. ఆ కంపెనీలో సగానికి పైగా వాటా నార్వే ప్రభుత్వానిది.

మయన్మార్‌లో 2014లో సేవలు మొదలుపెట్టింది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక, ఫోన్లు వినే పరికరాలు ఆన్ చేయమని ఒత్తిడి వచ్చింది. అలా చేస్తే యూరప్ ఆంక్షలు ఉల్లంఘించినట్టవుతుంది. చేయకపోతే సిబ్బందికి ప్రమాదం. దాంతో 10.5 కోట్ల డాలర్లకు లెబనాన్‌కి చెందిన ఎం1 గ్రూప్‌కి అమ్మేశారు. చివరికి మెజారిటీ వాటా సైన్యంతో సంబంధాలున్నాయంటున్న స్థానిక కంపెనీకి చేరింది. 1.8 కోట్ల మంది ఖాతాదారుల కాల్ రికార్డులు కూడా దాంతోపాటే పోయాయి. 400కు పైగా పౌర సంఘాలు నార్వేలో ఫిర్యాదు చేశాయి. ఇది కంపెనీ నిర్ణయం అని ప్రభుత్వం చెప్పి ఊరుకుంది. షేర్లు అమ్మితే కాగితాలే చేతులు మారతాయి. ఫోన్ కంపెనీని అమ్మితే ఎవరు ఎవరితో మాట్లాడారో ఆ చిట్టా కూడా చేతులు మారుతుంది.

2025లో నైతిక నిబంధనలే ఆపేశారట కదా?

తాత్కాలికంగా, అవును. 2025 ఆగస్టులో క్యాటర్‌పిల్లర్ కంపెనీని, ఐదు ఇజ్రాయెల్ బ్యాంకులను నిధి మినహాయించింది. పాలస్తీనా ప్రాంతాల్లో ఇళ్లు, ఆస్తులు కూల్చడానికి ఆ కంపెనీ బుల్డోజర్లు వాడటం ఒక కారణం. అమెరికా విదేశాంగ శాఖ తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. ఆ తర్వాత అసలు భయం బయటపడింది: ఇదే తర్కంతో పోతే ఇజ్రాయెల్‌కి క్లౌడ్ సేవలిచ్చే పెద్ద అమెరికా టెక్ కంపెనీలను కూడా వదులుకోవాలేమో అని. నిధి అతిపెద్ద వాటాలు ఎన్విడియా, మైక్రోసాఫ్ట్, యాపిల్ లాంటి టెక్ కంపెనీల్లోనే ఉన్నాయి. ఆర్థిక మంత్రి స్టోల్టెన్‌బర్గ్ నిధినే కాపాడుకోవాలన్నాడు. నవంబర్‌లో పార్లమెంటు కొత్త మినహాయింపులు ఆపి, నిబంధనలను సమీక్షకు పంపింది.

మందుపాతరల కంపెనీని వదులుకుంటే నిధికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. టెక్ కంపెనీలను వదులుకుంటే నిధి ఆకారమే మారిపోతుంది. ఇరవై ఏళ్ల పద్ధతి ఆ గోడ దగ్గర ఆగింది.

బయట నీతులు సరే, ఇంట్లో సామీ ఆదివాసీల సంగతి?

ఫోసెన్ అనే చోట 151 పెద్ద గాలిమరలు పెట్టారు. అవి రెయిన్‌డీర్ మేపుకునే సామీల హక్కులను ఉల్లంఘిస్తున్నాయని 2021 అక్టోబర్‌లో నార్వే సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. తీర్పొచ్చాక కూడా మరలు తిరుగుతూనే ఉన్నాయి. 2023లో సామీ యువత మంత్రిత్వ శాఖల ద్వారాల దగ్గర బైఠాయించారు, వాతావరణ ఉద్యమకారిణి గ్రెటా థన్‌బర్గ్ వచ్చి కూర్చుంటే పోలీసులు మోసుకెళ్లారు. చివరికి పరిహారం, ప్రత్యామ్నాయ మేత భూములతో ఒప్పందాలు కుదిరాయి. మరలు అక్కడే ఉన్నాయి.

## మన వైపు నుంచి అడిగేవి

ఎఫ్టా ఒప్పందంలో మానవ హక్కులు, పర్యావరణం షరతులు పెట్టారా?

నార్వే, స్విట్జర్లాండ్, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ కలిసిన ఎఫ్టా (యూరప్ స్వేచ్ఛా వాణిజ్య కూటమి)తో మన దేశం 2024 మార్చిలో వాణిజ్య ఒప్పందం చేసుకుంది, 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పదిహేనేళ్లలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడులు తెచ్చే ప్రయత్నం చేస్తామని వాళ్లు రాసిచ్చారు. కార్మిక, పర్యావరణ అంశాల మీద అందులో ఒక అధ్యాయం ఉంది. ఇలాంటివి వాణిజ్యంలో కలపొద్దని మన దేశం చాలా ఏళ్లుగా వాదిస్తూ వచ్చింది కాబట్టి ఇది కొత్తే. అయితే ఆ అధ్యాయం మీద తగువొస్తే ఒప్పందంలోని వివాద పరిష్కార ప్రక్రియకు పోవడానికి లేదు. ఇద్దరూ పరువు దక్కించుకున్నారు.

మన దేశం మాత్రం విలువలు చూసిందా ఎప్పుడైనా?

చూసింది, నష్టపోయి మరీ. జాతి వివక్ష కారణంగా 1946లోనే దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకున్న మొదటి దేశం మనదే. అప్పటికి ఇంకా స్వాతంత్ర్యం కూడా రాలేదు.

రష్యా చమురు విషయంలో దారి వేరు. 2022కి ముందు మన దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపే, తర్వాత మూడో వంతు దాటింది. జనానికి చవకగా ఇంధనం అందించడం కూడా ఒక బాధ్యతే అన్నది ప్రభుత్వ వాదన. దాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ ఆ లెక్క ఎవరి నెత్తిన పడిందో కూడా చూడాలి. రష్యా చమురు సాకుతో 2025 ఆగస్టులో అమెరికా అదనంగా 25 శాతం సుంకం వేసి మొత్తం 50 శాతం చేసినప్పుడు మొదట బిక్కుబిక్కుమన్నది భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులు. మన రొయ్యలకు అతిపెద్ద మార్కెట్ అమెరికానే. చమురు కొన్న రిఫైనరీ వేరు, చెరువులో సరుకు పెట్టుకుని కూర్చున్న రైతు వేరు.

సివిల్స్ ఎథిక్స్ పేపర్‌లో ఈ ఉదాహరణ ఎలా వాడాలి?

అంతర్జాతీయ సంబంధాలు, నిధుల కేటాయింపులో నైతిక అంశాలు అన్నది సిలబస్‌లో ఉన్న అంశమే. నార్వేని పొగుడుతూనో, తిడుతూనో రాయకండి. ఒక నిర్ణయం తీసుకోండి, అది ఎవరు తీసుకున్నారు, ఖర్చు ఎవరిది, కారణాలు బయటపెట్టారా అని మూడు ముక్కల్లో రాయండి. చైనా రాజీని, వేదాంత మినహాయింపును పక్కపక్కన పెడితే జవాబు దానంతటదే నిలబడుతుంది.

మన ఊరి కంపెనీలో నార్వే డబ్బు ఉందో లేదో చూడొచ్చా?

చూడొచ్చు. నిధి వెబ్‌సైట్‌లో దేశాల వారీగా ప్రతి కంపెనీ పేరు, వాటా శాతం, విలువ ఇస్తారు. ఇండియా అని ఎంచుకుంటే హైదరాబాద్ ఫార్మా కంపెనీలు కూడా కనిపిస్తాయి. మినహాయించిన కంపెనీల జాబితా విడిగా ఉంటుంది, ఎథిక్స్ కౌన్సిల్ సిఫార్సులు ఇంగ్లీషులో పూర్తి పాఠంతో దొరుకుతాయి. ఒక్కోటి పది, ఇరవై పేజీలు ఉంటుంది, భాష కష్టం కాదు. వేదాంత మీద రాసినదాంతో మొదలుపెట్టండి. ఊళ్ల పేర్లు మనకు తెలిసినవే కాబట్టి తొందరగా ఎక్కుతుంది.